నూరు లెక్కపెట్టేదాకా

చిత్తూరు బస్టాండు వెనక సందులో మునస్వామి పరుపుల అంగడి. మధ్యాహ్నం రెండు దాటింది.

“ఇది కూడా వద్దు. ఇంకా మెత్తంది సూపించు పెద్దాయనా.”

“ఇంకా మెత్తందా! దీనికంటే మెత్తందంటే ఇంక నేను వెన్న ముద్దలు అమ్ముకోవాల. ఇంతసేపట్నించి ఆరు పరుపులు పరిసినా. కొబ్బరిపీసు గుచ్చుకుంటాదంటివి, బూరుగుదూది అణిగిపోతాదంటివి, స్ప్రింగు నొక్కి సూసి మొగం తిప్పుకుంటివి. అసలు ఎవురికమ్మా పరుపు?”

“మా ఆయనకి.”

“పేరు?”

“పరుపుకి పేరెందుకు?”

“నాకి కావాల.”

“మునిచంద్ర. నేను రూతు. బంగారుపాళెం పక్కన పల్లె. సాలా? ఇంక సూపించు.”

“కోపం దేనికి తల్లీ. ఈ మునస్వామి దగ్గర పరుపు కొని, మళ్ళీ వచ్చి తిట్టినోళ్ళు లేరు. ఎందుకంటావా? నేను అడిగే మూడు మాటలకి జవాబు సెప్పందే ఎవురికీ పరుపు ఇయ్యను. మనిషెంత పొడుగు, యా పక్కకి తిరిగి పడుకుంటాడు, పడుకునే గది ఎట్లాంటిది.”

“ఐదడుగుల ఎనిమిది ఉంటాడు. గదంటే ఒకటే గది. రేకుల ఇల్లు, కింద సిమెంటు.”

“యా పక్కకి పడుకుంటాడో సెప్పలా.”

“యా పక్కకీ కాదు.”

“అంటే ఎల్లకిలానా?”

“నేను యా పక్కకి తిప్పితే ఆ పక్కకి.”

“...అయ్యో. ఏమైంది తల్లీ?”

“జూన్‌లో తోతాపురి మామిడికాయలు కోస్తా కోస్తా కొమ్మ విరిగి పడినాడు. ఎన్నుపూస దెబ్బతినింది. నడుం కింద ఏం లేదు. గిల్లినా తెలీదు, కాల్సినా తెలీదు. పైనంతా బాగుండాడు. మాట్లాడతాడు, ఫోను సూసుకుంటాడు, నన్ను తిడతాడు.”

“పుండ్లు పడినాయి కదా?”

“నీకెట్ల తెలిసె?”

“వచ్చినప్పట్నించి మెత్తంది, మెత్తంది అంటాండావే. ఇన్నాళ్ళూ దేని మీద పడుకోబెట్టినావు?”

“తలుపు మీద.”

“ఏందీ?”

“తలుపు. ఇంటి తలుపు. నడుము విరిగినోణ్ణి గట్టి పలక మీదే పడుకోబెట్టాల, అప్పుడే ఎముక సక్కగా అతుక్కుంటాదని పల్లెలో అందరూ సెప్పినారు. అంత పలక యాడుండాది మాకి? తలుపు ఊడదీసి మంచం మీద ఏసి, పైన ఒక దుప్పటి పరిసినా. నేనే పరిసినా పెద్దాయనా, ఈ సేతుల్తో. నడుము దగ్గర ఇంత పుండు. లోపల ఎముక కనబడతాంది. నర్సమ్మ వచ్చి సూసి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.”

“ఊరుకో తల్లీ. తెలీక సేసినావు.”

“నెలరోజులు. నెలరోజులు ఆ తలుపు మీదే ఉండాడు, ఒక్కసారి అమ్మా అన్లేదు. నొప్పి తెలిస్తే అరిసేవాడు కదా. అరిసుంటే తీసేసేదాన్ని కదా! ఇప్పుడు నాలుగు బొంతలేసి పడుకోబెట్టినా. పుండు మాత్రం మానలా.”

“డాక్టరేమన్నాడు?”

“రెండు గంటలకొకసారి పక్కకి తిప్పాలంట. పగలూ రాత్రీ. తిప్పకపోతే విషమెక్కి మనిషే పోతాడంట.”

“తిప్పతాండావా?”

“అలారం పెట్టుకుని తిప్పతాండా.”

“ఇంకేం మరి. నువ్వు తిప్పతా ఉంటే ఈ స్పాంజి పరుపే సాలు. నాలుగంగుళాల మందం, పైన రెక్సిను కుట్టిస్తా, తడిసినా తుడుసుకోవచ్చు.”

“స్పాంజి వద్దు. దానంతట అదే తిప్పే పరుపు ఒకటి ఉండాదంట కదా. కరెంటుతో గాలి నిండేది.”

“గాలిపరుపా? ఉండాది, అదిగో ఆ మూల. ఆసుపత్రోళ్ళు అడుగుతారని పెట్టుకున్నా. వరసగా గాలితిత్తులుంటాయి. ఒక వరస నిండితే ఒక వరస దిగతాది. ఒక్కసోటే బరువు పడకుండా మారతా ఉంటాది. కానీ అది మనిషిని తిప్పదమ్మా. తిప్పేది మనిషే.”

“పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పితే? మిగతాది పరుపు సూసుకోదా?”

“రెండు సార్లేంది? రెండు గంటలకొకసారని ఇప్పుడే అంటివే.”

“సూసుకోదా అని అడగతాండా.”

“నువ్వుండావు కదమ్మా?”

“ఉండా... ఉండాను.”

“మరింకేం?”

“కరెంటు పోతే ఆ గాలి ఎంతసేపు నిలబడతాది?”

“రూతమ్మా.”

“ముసలామె. కండ్లు సరిగా కనబడవు. ఆమె ఆ బటను నొక్కగలదా? ఒకటే బటనా, రెండా?”

“యా ముసలామె? నువ్వు యాడికి పోతాండావు?”

“యాడికీ పోలా.”

“నా మొగం సూసి సెప్పు.”

“...శనివారం దాకా ఉండాను.”

“శనివారం ఏముండాది?”

“మద్రాసులో విమానం. కువైటు. ఇంటిపనికి. రెండేండ్లు.”

“ఆయప్ప ఒప్పుకున్నాడా?”

“ఆయప్పకి తెలీదు.”

“తెలీదా!”

“మెల్లగా పెద్దాయనా, రోడ్డు మీదోళ్ళు తిరిగి సూస్తాండారు. పాస్‌పోర్టు బియ్యం డబ్బాలో అడుగున దాసినా. మంచం దిగలేని మనిషి, ఆయప్పకేం తెలుస్తాది? వేలూరికి పోయి మందులు తెస్తానని సెప్పి పోతా. దిగినాక ఫోన్ సేసి సెప్తా.”

“ఏం మాటలమ్మా ఇవి! మొగుడు ఆ స్థితిలో ఉంటే ఇడిసిపెట్టి...”

“తిట్టు. బాగా తిట్టు. తిట్టేదానికైనా ఒక మనిషి దొరికినాడు. మావోళ్ళు తిట్టేదానికి కూడా రాలేదు. సర్చికి పొయ్యే పిల్ల మునిచంద్రని సేసుకున్నాదని మావోళ్ళకి కోపం. ఆయప్పోళ్ళు నన్ను గడప తొక్కనియ్యలా. ఎవురుండారు మాకి? నేను కూలికి పోతే ఆయప్పని తిప్పేవాళ్ళు లేరు. ఆయప్పని తిప్పతా కూసుంటే పొయ్యి ఎలగదు. పల్లెలోనే ఏదైనా పని సూసుకోమంటావా? సూసినా. టమోటా మండీలో సూసినా, జ్యూసు ఫ్యాక్టరీలో సూసినా. రెండు గంటలకొకసారి ఇంటికి పోయొస్తానంటే ఎవురిస్తారు పని?”

“ఆయప్పకి సెప్పి పోవచ్చు కదా తల్లీ.”

“సెప్తే పోనియ్యడు. నేను ఆయప్ప మొగం సూసి పోలేను. పోకపోతే ఇద్దరం ఆ రేకుల కిందే సస్తాం. పోతే ఆయప్ప ఒక్కడే... ఏం సెయ్యాల నేను? నువ్వే సెప్పు. పెద్దోడివి కదా, సెప్పు!”

“ఏం సెప్పేది తల్లీ.”

“పక్కింటి నాగులవ్వని ఒప్పించినా. రెండు పూటలా వచ్చి అన్నం వండి పెడతాది, తిప్పతాది. మొన్నట్నించే వస్తాంది. మిగతాదంతా పరుపే సూసుకోవాల. సూసుకుంటాదని ఒక్క మాట సెప్పు పెద్దాయనా. అబద్ధమైనా సెప్పు.”

“సెప్పను.”

“నీ కాళ్ళు పట్టుకుంటా.”

“లెయ్యి, లెయ్యమ్మా. ...మా ఇంటామె ఆరు నెలలు మంచంలో ఉండింది. అంగడి నిండా పరుపులే. వారానికొకటి మారిస్తి. అయినా పుండుతోనే పోయింది. ఎందుకు? నేను ఈడ కూసోని పరుపులు అమ్ముకుంటా ఉంటి, తిప్పేవాళ్ళు లేక పోయింది. అందుకే సెప్పను. పరుపు సాయం సేస్తాది. మనిషి పని సెయ్యదు.”

“ఇంక నాకి దిక్కెవురు పెద్దాయనా...”

“ఏడవద్దు. సెప్పులిడిసి ఆ గాలిపరుపు మీద పడుకో.”

“నేనెందుకు?”

“పడుకోని సూడకుండా పరుపు ఇచ్చేది మా అంగట్లో లేదు. మా నాయన పెట్టిన పద్ధతి. నూరు లెక్కపెట్టేదాకా పడుకోవాల. పేషెంటు రాలేనప్పుడు కొనే మనిషే పడుకోవాల.”

“మూడింటి బస్సుకి పోవాల పెద్దాయనా. నాగులవ్వని కూసోబెట్టి వచ్చినా.”

“నూరు లెక్కపెట్టేదానికి ఎంతసేపు? పడుకో. కాళ్ళు సాపు. ఆ. స్విచ్చేసినా, లెక్కపెట్టు.”

“ఒకటి... రెండు... మూడు... కింద ఏందో కదలతాంది.”

“గాలి. నీ పని నువ్వు సెయ్యి.”

“ఏడు... ఎనిమిది... ఎవురో ఎత్తుకున్నట్టు ఉండాది పెద్దాయనా.”

“ఊ.”

“ఆయప్పకి ఇది తెలీదు కదా. ఇట్లా ఎత్తుకున్నట్టు ఉంటాదని.”

“వీపుకి తెలుస్తాదిలే. లెక్క సెప్పు.”

“పన్నెండు... పదమూడు... పదహారు...”

“పద్నాలుగు యాడికి పోయె?”

“పదిహేడు... పద్...”

“పద్దెనిమిది. తరవాత? ...రూతమ్మా? పద్దెనిమిది తరవాత సెప్పమ్మా. ...ఓ తల్లీ? ...దేవుడా, నిద్రపోయిందే! ...ఈ మోగేది ఎవురి ఫోను? ఈమె సంచిలోదే. అలో?”

“రూతూ, యాడుండావే? ఇంతసేపా?”

“రూతు కాదప్పా. పరుపుల అంగడి మునస్వామిని. నువ్వు మునిచంద్రవేనా?”

“అవునన్నా. ఆమెకేమైంది? ఫోను నీ సేతిలో ఎందుకుండాది?”

“ఏం కాలా, భయపడొద్దు. పరుపు మీద పడుకోని నూరు లెక్కపెట్టమన్నా. పదిహేడుకే నిద్రపోయింది.”

“నిద్రపోయిందా?”

“నోరు తెరుసుకోని, పసిబిడ్డ మాదిరి.”

“నిజంగానా అన్నా? ...లేపొద్దు. నీకు దండం పెడతా, లేపొద్దు. నాలుగు నెలల్లో ఆమె ఒకదమ్మున రెండు గంటలు పడుకునింది లేదు. రాత్రి నన్ను తిప్పతా తిప్పతా నిలబడే నిద్రపోతాది. నేను కండ్లు మూసుకోనే ఉంటా. సూసినానని తెలిస్తే సిగ్గుపడతాది.”

“మూడింటికి బస్సంట.”

“పోనీ బస్సు. ఇంకొకటి రాదా? నాగులవ్వ ఈడనే ఉండాది.”

“సరేలే, లేపను.”

“నాకి ఏం పరుపు సూసింది?”

“గాలిపరుపు అడగతాండాది.”

“అదే ఎందుకంట?”

“ఎందుకంటే... పుండ్లకి మంచిది కదప్పా. నర్సమ్మ కూడా సెప్పుంటాది.”

“ఇంకేం సెప్పింది?”

“ఇంకేం సెప్తాది? పరుపు గురించే.”

“ఏడిసిందా?”

“లేదే. ఎందుకేడుస్తాది?”

“ఊరికే అడిగినా. ...అన్నా, నువ్వొక పని సెయ్యాల. ఆమెకి తెలీకుండా.”

“ఏంది?”

“ఇంకొక పరుపు కావాల. దుడ్లు ఇప్పుడే ఫోన్‌లో ఏస్తా. రేపు నాగులవ్వ కొడుకు చిన్నబ్బ చిత్తూరుకి వస్తాడు, వాని సేతికియ్యి.”

“నీకే కదా?”

“నాకెందుకన్నా. నడుం కింద నాకు పరుపైనా ఒకటే, తలుపైనా ఒకటే. రూతుకి. కింద పడుకుంటాది.”

“రూతుకా... ఇప్పుడే ఎందుకులే మునిచంద్రా. ముందు నీ పుండు మాననీ. వచ్చే నెల సూద్దాం.”

“వచ్చే నెల వద్దు. శుక్రవారం లోపల కావాల.”

“శుక్రవారమా?”

“ఆలోపల ఇంట్లో ఉండాల.”

“...సరే. అట్లయితే మూడు మాటలు సెప్పు. ఎవురికైనా అడగతా నేను. మనిషెంత పొడుగు?”

“ఐదడుగులు కూడా లేదు. నా భుజానికి వస్తాది. వచ్చేది, నేను నిలబడినప్పుడు.”

“యా పక్కకి పడుకుంటాది?”

“ఎడంపక్కకి. మోకాళ్ళు కడుపులోకి ముడుసుకోని, సెయ్యి సెంప కింద పెట్టుకోని. ఇప్పుడెట్లా ఉండాదో సూడు.”

“ఇందాక ఎల్లకిలా ఉండింది. ఇప్పుడు తిరిగింది. ఎడంపక్కకే. సెయ్యి సెంప కిందే.”

“కుడి భుజం వాసిపోయింది అన్నా, నన్ను తిప్పి తిప్పి. సెప్పదు. నూనె రాసుకునేటప్పుడు సూస్తాంటా.”

“గది ఎట్లాంటిదో నాకు తెలుసులే. రేకుల ఇల్లు, సిమెంటు నేల. ఆమె సెప్పింది.”

“అది కాదన్నా. పెద్ద ఇల్లంట. కింద రాతి బండలంట. ఏసీ గాలికి ఆ బండలు మంచుగడ్డల మాదిరి ఉంటాయంట. పనోళ్ళకి గది ఇయ్యలేదంట, వంటింట్లోనే కింద పడుకునిందంట. మా వీధిలో కువైటుకి పోయొచ్చిన స్టెల్లక్క సెప్పింది.”

“...మునిచంద్రా.”

“మొన్న నాగులవ్వ బియ్యం తీస్తా, ఇదేం పుస్తకమో సదివి సెప్పమని నా సేతికిచ్చింది. లోపల శనివారం విమానం టికెట్టు.”

“అప్పా... నువ్వు...”

“వద్దనేదానికి నాకు మొగం లేదు. పొమ్మనేదానికి నోరు రాలేదు. మళ్ళీ ఆ డబ్బాలోనే పెట్టించినా. నాకు తెలుసని ఆమెతో అనొద్దన్నా, తెలిస్తే ఆగిపోతాది. పలసంది ఒకటి ఇయ్యి. మడిస్తే ఆమె పెట్టెలో పట్టేది.”