వలి బాషా తోలిన విమానం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, జమ్మలమడుగులో దర్జీ వలి బాషా కుట్టుమిషన్ అంగడి అరుగు మీద, రోజూ కూర్చునే మా మధ్య, ఒక పొద్దు కొత్త మనిషి కూర్చున్నాడు. పులివెందుల అబ్దుల్ సలాం. కూతురు నూరున్నీసాను వలి బాషా కొడుక్కు ఇవ్వాలా వద్దా అని చూసిపోవడానికి వచ్చాడు. ఈ సంబంధం కుదరాలని వలి బాషాకు వారం నుంచి నిద్ర లేదు. కుదుర్చుకునే పద్ధతి ఆయనకు ఒకటే తెలుసు. మొదలుపెట్టాడు.

"పెద్ద ఇసయమేం కాదు సలాం భాయ్. బర్మా యుద్ధంలో మా పైలట్ దొరకు చలిజ్వరం వచ్చె. వలీ, ఈ పొద్దుకు నువ్వు తోలుకొని రాప్పా అన్న్యాడు. సరేలే అని ఎక్కినా. పైకి పోతానే జపానోళ్ళ విమానాలు మూడు అడ్డమొచ్చె. రెండు కూల్చేతలికి తూటాలు అయిపాయ. ఆ తర్వాత ఏం చేసినానో తెలుసా?"

"ఏం చేసినావు?" అన్నాను. అడక్కపోతే ఆయనకు అన్నం సహించదు.

"టిఫను క్యారియరు ఇసిరినా. మూడోది పాయ. ఇంతలో నాలుగోది వచ్చి నా రెక్క ఇరగ్గొట్టె."

"మూడే అంటివే," అన్నాడు బడిపంతులు జయరాజు.

"నాలుగోది మబ్బు సాటున ఉండె సారూ. ఆడుండే నాకే కనపడలా, ఈడుండే నీకేం కనపడతాది? పారాచూట్ కట్టుకొని దూకినా. అది ఎంత పెద్దదంటే కిందికి దిగనే దిగదు. పగలంతా ఆకాశంలోనే ఏలాడినా, రెండు పూటల నమాజు గూడా ఆడనే చదివినా. పొద్దు గూకినాక సముద్రంలో పడితి. పారాచూట్‌ను పరుపు మాదిరి పరుచుకొని మూడు దినాలు కూర్చున్న్యా. అప్పుడు రైలుపెట్టె అంత చేప వచ్చె. పారాచూట్ తాళ్ళు దాని మూతికి కట్టి ఎద్దును తోలినట్టు తోలుకొని వస్తాంటే, నన్ను కాపాడను వచ్చిన ఓడ ఇంజను చెడిపోయి నడి సముద్రంలో నిలిచిపోయిండాది. ఏం చేస్తాం, దాన్ని గూడా పారాచూట్‌కు తగిలించి మద్రాసు దాకా ఈడ్చుకొస్తి. ఐదునూర్ల మంది దొరలు దిగి నాకు సెల్యూట్ కొట్టిరి. మావోనిదీ నా రక్తమే భాయ్."

సలాం టీ గ్లాసు కింద పెట్టి, లేచి చెప్పులేసుకున్నాడు. "అంత ఓడను ఈడిస్తే పారాచూట్ కుట్లు పిగిలిపోలేదా?" అని మాత్రం అడిగాడు.

వలి బాషా ముఖం ఎర్రబడింది. "పిగిలేదేంది? ఆ కుట్టు నాది. గుడ్డ రెండు మడతలేసి నాలుగు వరసలు. నాలుగేండ్లు దండు పారాచూట్లు కుట్టే షెడ్డులో మిషన్ తొక్కినా. దొర వచ్చి ఎంత లాగి చూసినా నా కుట్టు ఒక్కటి ఊడిరాలా."

జయరాజు సారు తన గ్లాసులో ఏదో పడినట్టు దాన్నే చూస్తున్నాడు.

"వలి భాయ్," అన్నాడు సలాం, "నాకుండేది ఒక్కతే బిడ్డ. మావోనిదీ నా రక్తమే అంటాండావు. విమానం తోలే రక్తమైతే రేపు వాడూ యాడికో ఎగిరిపోతాడు, నేను పిల్లనియ్యను. కుట్టే రక్తమైతే ఇస్తా. చెప్పు. తోలినావా, కుట్టినావా?"

వలి బాషా మమ్మల్నందరినీ వరసగా చూశాడు. ఎనిమిదేళ్ళుగా ఆ విమానం గురించి విన్నవాళ్ళం. మేమూ ఆయన్నే చూశాం. ఇంటికి పోదామని ఒక్కరికీ తోచలేదు.

"కుట్టినా," అన్నాడు.

అంత చిన్న కథ ఆయన నోట మేమెప్పుడూ వినలేదు. సలాం చెప్పులు విడిచి మళ్ళీ కూర్చున్నాడు. "పిల్లోణ్ణి పిలువు," అన్నాడు.