ఒక వైపే పెరిగే పోగు

"తాళం ఎవరిచ్చారు? రత్తయ్యేనా?"

"ఏ తాళం సార్?"

అది 1974. బెజవాడలో ఒక ప్రైవేటు కాలేజీ, జువాలజీ డిపార్ట్‌మెంటు గది. బల్లకి అటు లెక్చరర్ కృపానందం గారు కూర్చుని ఉన్నారు. ఇటు బీయస్సీ ఆఖరి సంవత్సరం చదివే నజీమా నిలబడి ఉంది. మధ్యలో ఆమె రాసిన ప్రీఫైనల్ పేపరు. తననెందుకు పిలిపించారో నజీమాకి ఇంకా అంతుపట్టలేదు.

"నా బీరువా తాళం. మద్రాసు నుంచి తెప్పించిన కొత్త పుస్తకం అందులో ఉంది. ఈ ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. నువ్వు మూడో జవాబులో రాసింది అందులో తప్ప ఎక్కడా లేదు."

"నేను చూళ్ళేదు సార్."

"చూడకుండా ఎలా వస్తుంది? డీఎన్ఏకి నకలు తయారయ్యేటప్పుడు కొత్త పోగులు రెండూ ఒకేలా పొడుగవుతాయని క్లాసులో చెప్పాను. చెప్పానా లేదా?"

"చెప్పారు సార్."

"మరి నువ్వేం రాశావు? ఒక పోగు తెంపు లేకుండా సాగుతుందట. రెండోది ముక్కలు ముక్కలుగా తయారై తర్వాత అతుక్కుంటుందట. ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

"ఎవరూ?"

"ఎవరూ."

"చూడమ్మా, రత్తయ్యని పనిలోకి రావద్దన్నాను. ప్రిన్సిపాల్ గారికీ చెప్పాను. అటెండరన్నవాడు బీరువాలు తెరిచి పుస్తకాలు బయటపెడుతుంటే..."

"అయ్యో, ఆయన్నెందుకు సార్? ఆయనకీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

"అయితే ఇంకెవరు? ల్యాబులో ఆ కొత్త డిమాన్‌స్ట్రేటరు కుర్రాడా?"

"సార్!"

"అరవకు. తలుపు తీసే ఉంది."

"అదే సార్, తీసే ఉంది. మా నాన్న నన్ను తీసుకెళ్ళడానికొచ్చి వరండాలో ఉన్నారు. మీరిప్పుడన్న మాట ఆయన చెవిన పడిందంటే రేపట్నించి నాకు కాలేజీ లేదు."

"అందుకే మెల్లగా అడుగుతున్నా. ఎక్కణ్ణించి వచ్చింది?"

"మీరు చెప్పిందాన్నుంచే."

"నేను చెప్పలేదని ఇప్పుడేగా..."

"ఇంకో రెండు మాటలు చెప్పారు సార్. పోగుకి ఫైవ్ ప్రైమ్, త్రీ ప్రైమ్ అని రెండు కొసలుంటాయి, మొదటిదాన్నుంచి రెండోదాని వైపే పెరుగుతుంది, ఎదురు పెరగదు అన్నారు. జంటలో రెండు పోగులూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటాయన్నారు."

"అన్నాను. అయితే?"

"ఆ రెండూ నిజమైతే ఈ మూడోది కుదరదు సార్. రెండూ ఒకేలా సాగలేవు."

"కుదరదని నీకు నువ్వే తేల్చేశావన్నమాట."

"మా నాన్న వన్ టౌన్‌లో గుడ్డ బ్యానర్లు రాస్తారు సార్. పైన తెలుగు, కింద ఉర్దూ."

"దానికీ దీనికీ ఏమిటమ్మా?"

"కొట్టు ఇరుకు సార్. గుడ్డంతా ఒకేసారి పరవడానికి చోటుండదు. చుట్ట నేను పట్టుకుని ఎడమ నుంచి కుడికి కాస్త కాస్త విప్పుతుంటాను. తెలుగు ఎడమ నుంచే కదా, నేను విప్పుతున్నకొద్దీ ఆయన ఆపకుండా రాసుకుంటూ వస్తారు. ఉర్దూ కుడి నుంచి రాయాలి. కుడివైపు గుడ్డేమో ఇంకా చుట్టలోనే ఉంటుంది."

"ఊఁ."

"అందుకని మూరెడు విప్పేదాకా ఆగి, అక్కణ్ణించి వెనక్కి ఒక ముక్క రాస్తారు. ఇంకో మూరెడు విప్పితే ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి ఇంకో ముక్క. ఏ మాట ఎక్కడో సుద్దతో ముందే గుర్తులుంటాయి. చివర్న ముక్కలు కలిపేస్తారు."

"ఊఁ. చెప్పు."

"డీఎన్ఏ కూడా ఒక పక్క నుంచి విడిపోతూ వస్తుంది కదా సార్. కొత్త పోగు తయారుచేసే ఎంజైముకి ఒక వైపు రాయడమే వచ్చు. మరి రెండో పోగు ముక్కలుగా కాక ఇంకెలా వస్తుంది?"

"ఇదంతా హాల్లో తోచిందా నీకు?"

"హాల్లోనే సార్. మీరు చెప్పిందానికి ఎదురు రాస్తున్నానని భయమేసింది. అయినా రాశాను. ఆ పుస్తకంలో... నిజంగా అలాగే ఉందా సార్?"

"ఉంది. జపాన్‌లో ప్రయోగం చేసి చూశారట."

"నిజంగా?"

"నేను మొదట సున్నా వేశాను. తర్వాతెందుకో మనసొప్పక పుస్తకం తెరిచాను."

"అంటే అప్పటిదాకా మీరు..."

"అది వదిలెయ్."

"మరి రత్తయ్య గారి సంగతి?"

"రేపు కబురు పెడతాలే."

"ఇప్పుడే చీటీ రాయండి సార్. ఆయన ఉండేది మా వీధి వెనకే, నేనిచ్చేస్తాను."

"నామీద నమ్మకం లేదా?"

"మీకు నామీద ఉందా సార్?"

"గడుసుదానివే! ఇదుగో. 'రత్తయ్య తప్పేమీ లేదు, పనిలోకి రావచ్చు.' సంతకం కూడా పెట్టాను. చాలా?"

"చాలు సార్. ఇటివ్వండి."

"ఇప్పుడు నువ్వో మాట రాసివ్వాలి, ప్రిన్సిపాల్ గారికి చూపించాలి కదా. 'ఈ పరీక్షలో నేను ఎక్కడా చూసి రాయలేదు.' అంతే. కాగితం తీసుకో."

"మూడో జవాబు చూసి రాయలేదని రాస్తాను సార్."

"ఈ మెలికేమిటి మళ్ళీ? మిగతా నాలుగింటి మీద నాకసలు అనుమానమే లేదు. అక్షరం పొల్లుపోకుండా నేను చెప్పిన నోట్సే."

"అందుకే సార్, 'ఎక్కడా' అని రాయలేను. ఆ నాలుగూ నోట్సు ఒళ్ళో పెట్టుకుని రాశాను."