చీకటి కౌన్సిలరు

రా, కూర్చో. రేపు బడ్జెట్ మీటింగని ముఖం వేలాడేసుకొచ్చావా? కౌన్సిలర్‌వి అయ్యావుగా, అనుభవించు. మా మేనత్త కూడా ఇలాగే, మీటింగుకి ముందు అన్నం సహించేది కాదు. తెలీదూ? మీ అమ్మ చెప్పి ఉండదులే. మా వీధిలో ఆవిడ పేరే చీకటి కౌన్సిలరు.

ఆవిడ కౌన్సిలరుగా ఉండగా ఒక ఏడాది పంటల్లేవు, పన్నులు కట్టినవాడు లేడు, ప్రభుత్వం ఇచ్చే వాటా సగానికి పడిపోయింది. చైర్మన్ లేచి గొంతు సవరించుకుని, "ప్రజల విస్తృత ప్రయోజనాల దృష్ట్యా ప్రసూతి ఆసుపత్రి సేవలను పగటివేళకు హేతుబద్ధీకరిస్తున్నాం" అన్నాడట. కోతని కోత అనడానికి నోరు రాదు మహానుభావుడికి! అత్త ఊరుకుంటుందా? "పిల్లలు ఆఫీసు వేళలు చూసుకుని పుడతారా చైర్మన్ గారూ?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు చూసి మోసపోయింది పిచ్చిది. ఎప్పుడూ ఎవరికి వాళ్లు పక్క వార్డులో కోత పెట్టమనేవాళ్లే కదా, తను మొదలెడితే తక్కినవాళ్లు సిగ్గుపడైనా వస్తారనుకుంది. "మా వార్డు వీధిదీపాలు ఆపండి, ఆ డబ్బు ఆసుపత్రికివ్వండి. తర్వాత ఎవరు?" అంది. ఒకటే చప్పట్లు! కొట్టిన చేతుల్లో ఒక్కటీ పైకి లేవలేదు.

మా ఒక్క వార్డు దీపాలతో ఎంత మిగులుతుంది? రాత్రిపూట ఒక్క నర్సు నిలబడింది, అంతే. మేం చీకట్లో పడ్డాం. మా అమ్మ నిజంగానే పడింది, మురిక్కాలవలో. మంచం మీద కాలు చాపుకుని మా నాన్నతో, "మీ అక్కగారి పుణ్యమా అని నాకు కొత్త నడకొచ్చింది. ఈసారి ఓటు కూడా అలాగే కుంటుకుంటూ వెళ్లి అవతలివాడికి వేసొస్తా" అంది. వేసింది కూడా! అత్త చిత్తుగా ఓడిపోయింది. గెలిచినవాడు ముందు దీపాలు వెలిగించాడు. నర్సు జోలికి మాత్రం పోలేదు. దయతో కాదులే, ఆవిడొకర్తి ఉందని గుర్తులేక.

అత్త మళ్లీ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. ఆవిడ పొరపాటు ఏమిటంటావా? ముందు నలుగురి గడపలు తొక్కి ఒప్పించుకోకుండా, సభలో సిగ్గుని నమ్ముకుంది. దీపాలివ్వడం పొరపాటని మాత్రం నా చేత అనిపించలేవు. నువ్వు ఆ ఆసుపత్రిలో పుట్టింది ఏ వేళో మీ అమ్మనడుగు.

అవునూ, రేపు కోత నీ వార్డు నుంచే మొదలెట్టమంటావా? ముందు ఎవరి గడప తొక్కుతావు?... సరేలే, ఆ కాఫీ తాగు. చల్లారిపోతోంది.