మెత్తగా రాయకు

"…అలా మెత్తగా రాయకు అమ్మడూ. చలికాలమంతా అద్దం ముందు చేతుల కండలు పెంచావని రాయి."

పడవల షెడ్డులో తాత చెబుతుంటే మనవరాలు అన్నకు చీటీ రాస్తోంది.

"అదీ వ్యాయామమేగా తాతయ్యా."

"నీళ్ల మీద స్కీయింగంటే చేతులు మడిచి తాడు లాగడమా? మొదటి మలుపులోనే లాగే పడవ మనిషిని బోర్లా పడేస్తుంది. నడుమూ కాళ్లూ గట్టిపడాలని నెత్తీనోరూ కొట్టుకున్నాను. దొరగారికి చలేసిందట."

"పోటీకి ఇంకా టైముందిగా. ఎండలొస్తే సాధనకు వచ్చేస్తాడు."

"నీళ్లు వెచ్చబడితే కప్పలూ వస్తాయి. రాయి. ఈసారి పోటీకి నువ్వక్కర్లేదు, మీ చెల్లి వెళ్తోంది."

"నేనా?"

"చలిలో రోజూ ఈ దూలం పట్టుకుని వేలాడుతూ కాళ్లెత్తిందెవరే, నేనా?"

"అన్నయ్య బాధపడతాడు తాతయ్యా."

"పడనీ. వాడికి నువ్వే చదివి వినిపించు. నీ పేరు దగ్గర మాట మింగేయకు."