ఎనిమిదో ఫారం

గవర్నరుపేటలో బైండింగ్ షాపుల సందు మొదట్లో రాంబాబు టీకొట్టు. సాయంత్రం నాలుగైందంటే అక్కడ వెంకటకృష్ణారావుగారి కచేరీ మొదలవ్వాల్సిందే. ఇరిగేషన్ ఆఫీసులో రిటైరైన మనిషి. నోరు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

ఆవేళ పక్కన సూరయ్య కూర్చున్నాడు. నాగాయలంక బడిలో ఇద్దరూ ఒకే బెంచీ. సూరయ్య నలభయ్యేళ్లు సముద్రం మీద చేపల వేట చేసి, ఆ బతుకంతా పుస్తకంగా రాశాడు. ఆదివారం ఆవిష్కరణ. పుస్తకం గురించి మాట్లాడేది వెంకటకృష్ణారావుగారే. చిక్కంతా అక్కడే వచ్చిపడింది. పుస్తకం చేతికొచ్చి వారమైనా ఆయన తొమ్మిదో పేజీ దాటలేదు.

"చదివావా కిట్టూ? ఎలా ఉందిరా?" సూరయ్య గొంతు మెల్లగా వచ్చింది.

వెంకటకృష్ణారావుగారికి భయమేస్తే నోరు ఊరుకోదు, చిన్నప్పట్నుంచీ అంతే.

"చదివావా అంటాడేంట్రా వీడు! రాంబాబూ, నా చదువు సంగతి నువ్వు చెప్పు. పొద్దున్నే కాఫీకి ముందు నలభై పేజీలు చదవందే నాకు తెల్లారదు. మొన్న చల్లపల్లిలో పెళ్లికని బస్సెక్కానా, చేతిలో తొమ్మిదొందల పేజీల నవల. కంకిపాడుకి సగం, ఉయ్యూరుకి మొత్తం ఊడ్చేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు తెలీకుండానే పైకి చదివేస్తున్నానంట! ఇంకోసారి చదవండీ అని బస్సంతా ఒకటే గోల. సరే కదా అని మొదలెట్టా. కూచిపూడిలో దిగాల్సినోళ్లు దిగలా, కండక్టరు టికెట్లు కొట్టలా, డ్రైవరు చల్లపల్లిలో ఆపడం మర్చిపోయి బస్సుని అవనిగడ్డ తీసుకెళ్లిపోయాడు. పెళ్లి ఆగింది."

"మీరు లేకపోతే పెళ్లి ఆగడమేంటి బాబాయ్?" అన్నాడు రాంబాబు.

"పెళ్లికొడుకు నా వెనక సీట్లోనే ఉన్నాడ్రా!"

బెంచీ మీదవాళ్లు ఘొల్లుమన్నారు. సూరయ్య కూడా నవ్వాడు గానీ, కళ్లు మాత్రం ఆయన మొహం మీదనుంచి కదల్లేదు. ఆ చూపు చూసేసరికి వెంకటకృష్ణారావుగారు ఇంకాస్త గొంతు పెంచాడు.

"ఇదేం చూశార్రా! బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా ఇంట్లో పీకల్దాకా నీళ్లు. నేను బీరువా మీద కూర్చుని చదువుకుంటున్నా. పడవలో కుర్రాళ్లొచ్చి దిగండి తాతా అంటే, ఈ అధ్యాయం కానివ్వండి నాయనా అన్నా. పక్కకి చూద్దునుగదా, ఓ బొచ్చె చేప నీళ్లలోంచి తల బయటపెట్టి పేజీలోకి చూస్తోంది! నేను పేజీ తిప్పడం ఆలస్యమైతే తోకతో టపామని కొడుతోంది!"

"ఆ చేపనేం చేశారు? పులుసా, వేపుడా?" అన్నాడు బెంచీ చివరాయన.

"ఛీ, నోర్ముయ్! సాటి పాఠకుణ్ణి ఎవడైనా వండుకు తింటాడా?"

నవ్వులే నవ్వులు. నిజానికి ఆ వరదలో ఆయన ఆరొందల పుస్తకాలు నాని, ఉబ్బి, బురదతో సహా ట్రాక్టరెక్కి పోయాయి. పదో క్లాసులో మొదటిసారి కొనుక్కున్న పుస్తకం కూడా అందులోనే పోయింది. అప్పట్నుంచీ ఒక్కటంటే ఒక్క పుస్తకం ఆయన చివరిదాకా చదవలేకపోయాడు. రెండు పేజీలయ్యేసరికి చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఆ మాట భార్యకు కూడా చెప్పుకోలేదు, సిగ్గు.

"మరి నాది?" అన్నాడు సూరయ్య.

"నీదా! ఏడుసార్లు చదివా! కరెంటు పోయిందిరా, అయినా నాకు చెమట పట్టలా. ఆ పేజీలు తిరిగే గాలికి దండెం మీద బట్టలు ఆరిపోయాయి. ఇక ఆ చివర ఉంది చూశావూ, పడవ ఒడ్డుకొచ్చి, తల్లి ఎదురొచ్చి... అబ్బబ్బ! అక్కడ ఏడ్చానురా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా కన్నీళ్లు భూమిలోకి ఇంకి మా వీధి బోర్లన్నీ ఉప్పెక్కిపోయాయి!"

"అందుకా మా ఇంట్లో పప్పు ఉడకట్లేదు!" అన్నాడు రాంబాబు.

సూరయ్య ఈసారి నవ్వలేదు. టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, "తల్లా? అందులో తల్లెక్కడుందిరా?" అన్నాడు.

అప్పుడే సందులోంచి బైండింగ్ షాపు రాజ్యలక్ష్మి పరుగులాంటి నడకతో వచ్చింది. చేతిలో మడతపెట్టిన అచ్చు కాగితాలు, వేళ్లకు ఇంకా మైదా జిగురు. సూరయ్య పుస్తకం కుట్టింది ఆవిడే.

"అమ్మయ్య, ఇక్కడే ఉన్నారా! సూరయ్యగారూ, క్షమించాలండీ. ముందు తొందరపడి అయిదు కాపీలు పట్టుకెళ్లారే, వాటిలో పొరపాటు జరిగింది. ఫారం అంటే పదహారు పేజీలు కదండీ, మీ పుస్తకానికి ఎనిమిది ఫారాలు. మా పిల్లలు ఏడో ఫారం రెండుసార్లు పెట్టి, ఎనిమిదోది వదిలేశారు. అయిదు ఫారాలు మిగిలితే అప్పుడు తెలిసింది." వెంకటకృష్ణారావుగారి సంచీలోంచి తొంగిచూస్తున్న పుస్తకం లాగి వెనక్కి తిప్పింది. "ఇదిగో, చూడండి. నూట పన్నెండు తర్వాత మళ్లీ తొంభయ్యేడు."

పుస్తకం ఆయన చేతికిస్తూ ఆశ్చర్యంగా అడిగింది.

"దూరంనుంచి విన్నానండీ. ఏడుసార్లు చదివారు కదా, చివరి ఫారం మీకెవరిచ్చారు?"

వెంకటకృష్ణారావుగారు తలొంచుకుని, "తొమ్మిదో పేజీ దగ్గరే ఆగిపోయానురా సూరీ. వరద తర్వాత నాకు చదువు రావట్లేదు" అన్నాడు.

"వారంనుంచీ నాకు నిద్రలేదు కిట్టూ, నువ్వేమంటావోనని," అన్నాడు సూరయ్య. కోపం లేదు ఆ గొంతులో, అది మరీ కష్టంగా ఉంది. రాజ్యలక్ష్మి చేతిలోంచి ఫారం తీసుకుని ఆయన ఒళ్లో పెట్టాడు. "పదహారు పేజీలే. చదువు. నేనెక్కడికీ పోను."

ఆ మడతలు ఇంకా కోయలేదు. రాజ్యలక్ష్మి ఇచ్చిన చాకుతో ఆయన ఒక్కొక్క అంచే కోశాడు. జేబులో ఫోను మోగితే తీసి రాంబాబు చేతికిచ్చి, "ఇది పాలగిన్నె పక్కన పడెయ్" అన్నాడు. కళ్లజోడు సర్దుకుని పైకి చదవడం మొదలెట్టాడు.

"నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చేది. వలలు ఎండేసిన దిబ్బ మీద కూర్చుని, రోజూ బడయ్యాక పుస్తకం చదివి వినిపించినవాడు మా కిట్టు. వాడు ఆపిన చోటునుంచి నేను చదువుకోవడం నేర్చుకున్నాను."

మూడో వాక్యం అయ్యేసరికి ఆయన కళ్లలో నీళ్లకి అక్షరాలు అలుక్కుపోయాయి. అయినా కాగితం దించలేదు, వేలు పెట్టుకుని నాలుగో వాక్యం వెతుక్కున్నాడు.

రాంబాబు మెల్లగా స్టవ్ తగ్గించాడు.

"కానివ్వండి బాబాయ్," అన్నాడు. "మా బోరు ఏమైనా పర్లేదు."