ఎడమ వైపు పట్టీ

ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు ముందు ఆవిడ వ్యాను ఆపింది. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చిన ఆ బండిని భర్తా తానూ ఊళ్లు తిరగడానికని చేయించుకున్నారు. ఆయన పోయాక ఈ వారమే మళ్లీ బయటికి తీసింది.

“కరకట్ట మీద ఎడమకి తిప్పితే చాలు, కుడికి పడిపోతున్నట్టుంటోంది మేస్త్రీగారూ. బాగుపడకపోతే అమ్మేస్తాను.”

“అంత మాటెందుకండీ టీచర్‌గారూ! పైనున్న ట్యాంకు కిందికి దించి, షాక్ అబ్జార్బర్లు మార్చి, పక్కకి ఒరక్కుండా పట్టే యాంటీ రోల్ బార్ వేస్తే ఊగుడు తగ్గుద్ది.”

“ఊగడం సరే. ఊరికే నిలబెట్టినా కుడికే ఒరుగుతోందే?”

“అది నేను చేసిందేనండీ. ముందు ఎడమ చక్రం మీది కమాను స్ప్రింగులో ఒక ఇనప పట్టీ ఎక్కువేశాను.”

“ఎందుకూ?”

“మీరు నడుపుతుంటే సారు ఎడమ పక్కన కూర్చునేవారు కదండీ. తన బరువుకి బండి అటు వాలకుండా వేయమన్నారు. మీకు మాత్రం చెప్పొద్దన్నారు.”

“ఎంతుండేవారేమిటి?”

“నూట పన్నెండు కేజీలండీ.”

“నాతో తొంభై అనేవారు! నేను చపాతీలు తగ్గించి పెడితే అందుకేనా ఆయన నవ్వేవారు!”

ఇద్దరూ నవ్వారు. ఆవిడ ఎడమ చక్రం వైపు చూస్తూ అడిగింది.

“ఆ పట్టీ తీసేస్తే నా ఒక్కదానికి సరిపోతుందా?”

“సమంగా నిలబడుద్దండీ. పోనీ, తీయకుండా ఆ సీటు కింద ఇసుక బస్తా వేద్దామా?”

“ఆయన చోట ఇసుక బస్తానా? వద్దు. తీసెయ్యండి.”

“టైం పట్టుద్దండీ. ఇంటికెళ్లి సాయంత్రం రండి.”

“లేదు, ఉంటాను.”

అతను కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ కూర్చోలేదు. పట్టీ ఊడి వచ్చేదాకా బండికి ఎడమ పక్కనే నిలబడింది.