ఊళ్ళో లేని మనిషికి పళ్ళెం

ఏంటే మిజుహో ఆ రంగు కాగితాలు, ఇటు పట్రా. ఉండు, ఆ రేడియో మీద కళ్ళజోడుంటుంది, అందుకో. ఆఁ. సముద్రం, కొబ్బరిచెట్లు, ఈ పిల్లెవరే ఒంటి మీద గుడ్డ సరిగ్గా లేకుండా. సర్లే. ఏ ఊరిది? ఫిజీయా? కింద ఇదేంటి, హోబార్టా? అబ్బబ్బబ్బ. తీసెయ్యవే తల్లీ, తీసెయ్. నన్నెందుకు రమ్మంటావు ఎనభై నాలుగేళ్ళదాన్ని, మీ మొగుడూ పెళ్ళాల మధ్యన పానకంలో పుడకలాగా. ఆ ఊళ్ళ పేర్లు వింటేనే నాకు ఒళ్ళు మండిపోద్ది. ఎందుకంటావేంటి, మీ నాయనమ్మ మూలాన. నువ్వు పుట్టకముందే పోయింది, నీకేం తెలుసు ఆవిడ సంగతి. ఫోటోలో చూస్తే నోట్లో నాలుక లేనట్టు కూచునుంటుంది మిసావో వదిన. నాకు తెలుసు ఆవిడేంటో. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, మా ఇంట్లో నేను అర్ధ నౌకర్ని.

మీ తాత, అదే మా ఇసోకిచి అన్నయ్య, ముప్పై ఒక్క ఏళ్ళు ట్యూనా ఓడ మీద ఇంజను చూసేవాడు. పది నెలలు నీళ్ళ మీద, రెణ్ణెల్లు ఇంట్లో. మీ నాన్న పుట్టినప్పుడు ఎక్కడున్నాడనుకున్నావ్, కేప్‌టౌన్‌లో. ఓడ కదిలేప్పుడు యాయిజు రేవంతా జనం, రంగు కాగితాల రీళ్ళు ఒక కొస మనం పట్టుకునేవాళ్ళం, ఇంకో కొస వాళ్ళు. అది పుటుక్కున తెగాక అందరూ ఏడుస్తూ ఇళ్ళకి పోయేవాళ్ళు. వదిన మాత్రం ఏడవదు. తిన్నగా ఇంటికెళ్ళి బియ్యం కడిగేది. పళ్ళెం పెట్టాలిగా మరి. మీ కాలంలో ఎవరు పెడుతున్నార్లే, చెబుతా విను. ఊళ్ళో లేని మనిషికి పూటపూటా వాళ్ళ కంచంలోనే వడ్డించి, మూతేసి, వాళ్ళు కూచునే చోట, వాళ్ళున్న దిక్కుకి తిప్పి పెట్టాలి. వాళ్ళకిష్టమైనవే ఉండాలి అందులో. అలా పెడితే ఆ మనిషి ఎక్కడున్నా ఆకలితో ఉండడని, క్షేమంగా తిరిగొస్తాడని. మూత తీసి చూస్తే లోపల నీటి చుక్కలు పట్టుండాలి. ఉంటే బానే ఉన్నాడన్నమాట. ముప్పై ఒక్క ఏళ్ళు, జ్వరమొచ్చినా పురుడొచ్చినా, ఒక్క పూట తప్పలేదు మహాతల్లి. ఓడ ఎటుందో తెలియాలి కదా దిక్కు చూడ్డానికి, అందుకని మీ నాన్న బళ్ళో అట్లాసు పుస్తకం లాక్కుంది. వాడు పరీక్షకి అట్లాసు లేకుండా పోయాడు పాపం.

సరే, అన్నయ్య పని మానేసి ఇంటికొచ్చాడు. రెండేళ్ళయింది. ఓ రోజు వదిన అట్లాసు తెచ్చి నా ముందు పడేసి, "కినూ, మనిద్దరం ఈ ఊళ్ళన్నీ చూసొద్దాం" అంది. నేను అప్పుడు చేపలెండబెట్టే షెడ్డులో పని. మా ఆయన పోయి పన్నెండేళ్ళు, పిల్లా జెల్లా లేరు, యాయిజు దాటి ఎరగను. నాకేం తెలుసు, ఎగిరి గంతేశాను. ఏ ఊళ్ళంటే, ముందు ఫిజీలో సువా, అక్కణ్ణుంచి న్యూజిలాండు, అక్కణ్ణుంచి టాస్మేనియాలో హోబార్టు. ఇరవై మూడు రోజులు. అన్నయ్యని రమ్మంటే, "అక్కడేముందే చూడ్డానికి, సిమెంటు గట్టు, నూనె ట్యాంకులు, ఐసు ఫ్యాక్టరీ" అన్నాడు. ఓడ రేవుకొస్తే మిగతావాళ్ళు ఊళ్ళోకి పోయేవాళ్ళు, ఈయన ఇంజను విప్పుకుని కూచునేవాడు. ఉత్తరాలూ అంతే, "ఎండగా ఉంది, ఇంజను బాగుంది." వదినేమో, "ఆ గట్టే చూస్తా. ఇన్నేళ్ళు ఏ దిక్కుకి అన్నం పెట్టానో అక్కడేముందో చూడాలా వద్దా" అనేది. మాకు చలి మొదలయ్యే నవంబరులో వాళ్ళకి ఎండలట, అది కూడా ఆవిడకి నోటికొచ్చు. స్టేషను దగ్గర టికెట్ల కొట్టు కుర్రాడు ఆవిణ్ణి చూస్తే బల్ల కింద దూరేవాడు, అన్ని ప్రశ్నలు. సాయంత్రమైతే నేను షెడ్డు నుంచి చేపకంపుతో రావడం, ఇద్దరం అట్లాసు ముందు కూచోడం. నేను టోపీ కూడా కొన్నాను. గడ్డి టోపీ, నీలం రిబ్బను. నవ్వకు.

అంతా కుదిరింది, టికెట్లు తీసుకోడమే తరువాయి. అప్పుడు పెట్టింది మెలిక. రాత్రి భోజనాల దగ్గర చాలా నెమ్మదిగా, "ఏవండీ, నేను లేనన్నాళ్ళూ నాకు పళ్ళెం పెడతారుగా" అంది. అన్నయ్యకి పొలమారింది. "విమానంలో పది గంటల్లో పోయేదానికి పళ్ళెమేంటే. అయినా మగాడు ఆడదానికి పెట్టడం ఈ ఊళ్ళో ఎక్కడన్నా ఉందా?" అన్నాడు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "పెడితే వెళ్తాను, లేకపోతే లేదు" అంది, గిన్నెలు తీసుకుని లేచిపోయింది. నాకెలా ఉంటుందో చెప్పు. నేను మధ్యలో దూరి, "వదినా, వెళ్ళేది మనం, ఆయన ఇక్కడ పెడితే ఎంత పెట్టకపోతే ఎంత" అన్నాను. "నీకు తెలీదులే కినూ" అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. రెండేళ్ళే, రెండేళ్ళు నడిచింది ఈ భాగోతం. నేను అన్నయ్య కాళ్ళూ గడ్డమూ పట్టుకుని ఒప్పిస్తే చివరికి ఊఁ అన్నాడు. అయితే వదిన నమ్మదు, పరీక్ష పెట్టింది. "మేమిద్దరం అతామీ పోయి మూడు రోజులు వేడినీళ్ళ స్నానాలు చేసొస్తాం, మీరు పెట్టండి చూస్తాను" అని. వచ్చి చూస్తే ఏముందీ, ఆవిడ పీట ముందు నూడుల్సు డబ్బా. అదే, వేణ్ణీళ్ళు పోసుకుంటామే, ఆ డబ్బా. మూత లేవకుండా పైన అన్నం తినే పుల్లలు పెట్టి, పైగా, "మూత లోపల చూడు, చుక్కలున్నాయి" అంటాడు. వదిన తీసి చూసి, "ఉన్నాయి. నాకు నూడుల్సు పడవు" అంది. ఆ నవంబరు అలా పోయింది.

మళ్ళీ ఏడాది మళ్ళీ అతామీ. ఈసారి నేను వారం ముందు నుంచీ అన్నయ్యని కూచోబెట్టి నేర్పాను. బియ్యం కడగడం, పులుసు కాచడం, ఎండుచేప కాల్చడం. ఓడంత ఇంజను విప్పి బిగించే మనిషికి అన్నం మాడకుండా దించడం రాదు. ఎలాగో నేర్చాడు. మేం వెళ్ళాం. రెండో రోజు మధ్యాన్నం, నేనూ వదినా నీళ్ళల్లో మెడదాకా కూచుని హోబార్టులో ఏ బట్టలు కట్టుకోవాలో మాట్లాడుకుంటున్నాం, సత్రం అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఫోనంది. వదిన తువ్వాలు చుట్టుకుని వెళ్ళింది, ఏమయిందోనని నేనూ వెనకాలే. ఫోనులో అన్నయ్య గొంతు నాకు ఇవతలికి వినబడుతోంది. "బతికే ఉన్నావా?" అంటున్నాడు. ఏం జరిగిందంటే, పెద్దమనిషి పళ్ళెం చక్కగానే పెట్టాడు. పెట్టి, ఎదురుగా కూచుని, చుక్కలున్నాయా లేవా అని రెండు నిమిషాలకోసారి మూత తియ్యడం, చూడ్డం, పెట్టడం. అన్నిసార్లు తీస్తే అన్నం చల్లారదూ? చల్లారితే చుక్కలెక్కణ్ణుంచొస్తాయి? చుక్కలు లేవని గుండె జారిపోయింది. ఇంజన్ల మనిషి, ఆవిరి సంగతి ఆయనకి తెలియనిదా చెప్పు. తెలుసు. తెలిసీ అలా అయిపోయాడు.

పొద్దున్నే మొదటి రైలుకి వచ్చేశాం. తలుపు తీసేసరికి ఆ పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూచుని ఉన్నాడు, గడ్డం మాసిపోయి. వండినవి వండినట్టు ఆవిడకి పెట్టాడే గానీ తను రెండ్రోజులుగా మెతుకు ముట్టలేదు. వదినని చూసి, "ముప్పై ఒక్క ఏళ్ళు ఎలా చేశావే ఇది" అన్నాడు. ఆవిడ చెప్పులు విప్పి లోపలికెళ్ళి, ఎప్పుడూ చల్లన్నానికి చేసినట్టే ఆ చల్లారిన అన్నం మీద వేడి టీ పోసి, ఆయన చేతికిచ్చి తినిపించింది. తిన్నాక నా వైపు తిరిగి, "కినూ, ఈ మనిషి ఇరవై మూడు రోజులు బతకడు. నేను వెళ్ళను" అంది.

చూశావా. సరిగ్గా పెట్టకపోతే పెట్టలేదని వెళ్ళదు, సరిగ్గా పెడితే పెట్టాడని వెళ్ళదు. మధ్యలో నా గతేంటి? నా టోపీ గతేంటి? నాకు కోపం నషాళానికంటింది, లేచి బయటికి నడిచాను. ఆవిడ నా వెనకాలే గుమ్మం దాకా వచ్చి, "నువ్వు వెళ్ళి రా కినూ. గుంపుతో పంపిస్తారట. నీకు నేను పెడతాగా పళ్ళెం, మూడు పూటలా" అంది. నేనేమన్నానో తెలుసా. "నీ అన్నం నాకక్కర్లేదు" అన్నాను. అన్నానే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆవిడ తల ఊపి లోపలికెళ్ళిపోయింది. నాలుగు నెలలు ఆ గడప తొక్కలేదు నేను. మార్చిలో ఆవిడకి రొమ్ములో గడ్డన్నారు, వానలు పడేటప్పటికి మనిషే పోయింది. ఆస్పత్రిలో పక్కనే ఉన్నాను, రాత్రీ పగలూ చేశాను. ఆ మాట మాత్రం ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సింది.

ఎందుకు ఒక్కదాన్నీ పోలేదు ఈ ముప్పై ఏళ్ళూ అంటావా. పోదును. అందరూ అంటారు, కినూ అత్తకి ఓపికుంది, డబ్బుంది, మోకాళ్ళు బావున్నాయి అని. ఊళ్ళో లేకపోతే నా కంచం తీసి కడిగి పెట్టే మనిషేదే నాకు? పెడతానన్నది ఒక్కతే జన్మలో. ఆవిణ్ణి నేను వద్దన్నాను.

ఏంటీ? ఎవరూ, మీ అమ్మ పెడుతుందా? మీ అమ్మకి ఇవన్నీ తెలుసా? మూడు పళ్ళేలా? నీకూ, మీ ఆయనకీ... నువ్వే అడిగావా, తనే అందా? తనే అందీ.

...

నా దాంట్లో ముల్లంగి ఊరగాయ వెయ్యొద్దను. నాకు పళ్ళు లేవు.